చిలుక అమ్మకానికి ఉందన్న ప్రకటన కనిపిస్తే విశాఖలో ఏమి చేయాలి?

ఫోన్‌లో పాత మంచాలు, సెకండ్‌హ్యాండ్ స్కూటీల ప్రకటనలు చూస్తూ పోతుంటే నడుమ ఒక చిలుక ఫొటో కనిపిస్తుంది. "రామచిలుక పిల్లలు, చేతి మచ్చిక, సిటీలో ఎక్కడికైనా డెలివరీ" అని దాని కింద రాసి ఉంటుంది. ఫొటోలో పక్షి ఈకలు ఉబ్బించుకుని పంజరం మూలన ముడుచుకుని కూర్చుంటే చూసినవారికి మనసు చివుక్కుమనడం సహజం. ఆ సమయంలో చాలామంది రెండే పనులు చేస్తారు. మనకెందుకులే అని ముందుకు జరిగిపోతారు, లేదా పాపం ఆ పక్షినైనా కాపాడదామని డబ్బు ఇచ్చి కొంటారు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ హాని చేస్తుంది. మీరు ఇచ్చిన డబ్బుతో ఆ ఒక్క పక్షికి ఊరట దొరకవచ్చు, దొరకకపోవచ్చు. కానీ మరో చెట్టు తొర్రలో చెయ్యి పెట్టడానికి పట్టేవాడికి అదే పెట్టుబడి అవుతుంది. కాబట్టి కొనకుండా, గొడవ పడకుండా ఆ పక్షికి నిజంగా ఉపయోగపడే పని ఏ క్రమంలో చేయవచ్చో కింద వివరిస్తున్నాను.

ముందుగా అది ఏ చిలుకో తేల్చుకోండి

తరవాత చేయవలసినదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. మన దేశంలో పుట్టిపెరిగే చిలుకలకు ఒక చట్టం, విదేశీ జాతులకు మరో రకమైన నిబంధనలు వర్తిస్తాయి. మనం రామచిలుక అని పిలుచుకునేది తోకతో కలిపి సుమారు 40 సెంటీమీటర్ల పొడవుండే పచ్చని పక్షి. దాని ముక్కు ఎర్రగా ఉంటుంది. మగదానికి మెడ చుట్టూ నలుపు, గులాబి రంగు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి మెడలో పట్టీ లేనంత మాత్రాన అది వేరే జాతి అనుకోకూడదు. ఆడదీ కావచ్చు, పిల్లా కావచ్చు. దానికన్నా బాగా పెద్దగా, భారీ ముక్కుతో, భుజం మీద ముదురు ఎరుపు మచ్చతో ఉన్నది పెద్ద చిలుక. పక్షుల వ్యాపారులు దానిని పహాడీ అంటారు, ధర కూడా ఎక్కువ చెబుతారు. తల రేగుపండు రంగులో ఉండి ఒళ్లు పచ్చగా, కాస్త చిన్నగా ఉన్నదైతే అది తూర్పు కనుమల అడవుల్లోనూ కనిపించే మరో దేశవాళీ చిలుక.

ఈ మూడూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్న పక్షులే. ఈ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రామచిలుక, పెద్ద చిలుక రెండో షెడ్యూలులో, అంటే రక్షిత జాతుల రెండో జాబితాలో ఉన్నాయి. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరాలే. ఇలాంటి నేరానికి మూడేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సవరణకు ముందు ఈ జరిమానా పరిమితి 25,000 రూపాయలే ఉండేది. "మా తాతగారి కాలం నుంచి వసారాలో చిలుకను పెంచుతున్నాం, ఇందులో తప్పేముంది?" అనేవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అమ్మవారి చేతిలోనూ, ఆండాళ్ చేతిలోనూ చిలుకను చూసి పెరిగినవాళ్లం కాబట్టి ఆ మాట ఎందుకు వస్తుందో నాకు అర్థమవుతుంది. కానీ ఎన్ని తరాల అలవాటైనా దేశవాళీ చిలుకను పంజరంలో ఉంచుకోవడానికి అది అనుమతిపత్రం కాదు.

నీలం, పసుపు, తెలుపు రంగుల్లో ఉన్న రామచిలుకల ప్రకటనలు కూడా వస్తుంటాయి. అమ్మేవారు వాటిని విదేశీ పక్షులని చెబుతారు. రంగు మారినంత మాత్రాన జాతి మారదు. అలాంటి సందర్భంలో మీరే తీర్పు చెప్పకుండా ఆ నిర్ణయాన్ని అటవీ శాఖకు వదిలివేయడం మంచిది.

ఫొటోలోనే పక్షి పరిస్థితిని చూడండి

చిలుకలు జబ్బును దాచుకునే పక్షులు. అడవిలో నీరసంగా కనిపించినది డేగకు దొరికిపోతుంది కాబట్టి ఒంట్లో బాగోలేకపోయినా చివరిదాకా మామూలుగా ఉన్నట్టు నటిస్తాయి. అందువల్ల ప్రకటన ఫొటోలోనే జబ్బు లక్షణం కనిపిస్తోందంటే అది అప్పటికే ముదిరిందని అనుకోవాలి.

పట్టపగలు ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని, రెండు కాళ్ల మీదా కుదేలై కూర్చున్న పక్షి జబ్బుపడిన పక్షి. ఆరోగ్యంగా ఉన్న చిలుక నిద్రపోయేటప్పుడు సాధారణంగా ఒక కాలు పైకి ముడుచుకుంటుంది. కర్ర మీద కాకుండా పంజరం అడుగున కూర్చుందంటే పరిస్థితి ఇంకా తీవ్రంగా ఉన్నట్టు. వీడియో ఉంటే తోకను గమనించండి. ప్రతి ఊపిరికీ తోక కిందికీ పైకీ ఊగుతుంటే అది శ్వాస ఇబ్బందికి గుర్తు. ముక్కు రంధ్రాల చుట్టూ తడిగానీ, పొక్కుగానీ ఉందా, తోక కింద ఈకలకు రెట్ట అంటుకుని ఉందా అన్నది ఫొటోను పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. రొమ్ము మధ్యలో ఎముక కత్తి అంచులా పొడుచుకువచ్చి ఉంటే దానికి చాలా రోజులుగా సరైన మేత అందడం లేదన్నమాట.

ఈకల సంగతి వేరు. తల మీద ఈకలు నిండుగా ఉండి, రొమ్ము మీదా రెక్కల కిందా మాత్రమే బోసిగా ఉంటే ఆ పక్షి తన ఈకలను తానే పీక్కుంటోందని అనుమానించవచ్చు, ఎందుకంటే తల మీద ఈకలు దాని ముక్కుకు అందవు. ఒంటరితనం, ఇరుకు, తోచకపోవడం వల్ల చిలుకలు అలా చేస్తాయి. చర్మవ్యాధి వల్ల కూడా చేస్తాయి. తల మీద కూడా ఈకలు రాలిపోయి ముక్కు వంకరగా, పెళుసుగా కనిపిస్తే ముక్కునూ ఈకలనూ పాడుచేసే వైరస్ ఒకటి ఉంది, అది ఒక పంజరం నుంచి మరో పంజరానికి సులభంగా అంటుకుంటుంది. రెక్క చివరి పొడవైన ఈకలు ఒకే గీతలో తెగినట్టు ఉంటే కత్తెరతో కత్తిరించారని అర్థం. దానికదే జబ్బు కాదు గానీ, ఆ పక్షిని వదిలితే ఎగరలేదన్న సంగతిని మీ ఫిర్యాదులో తప్పకుండా రాయాలి.

తరవాత పంజరాన్ని చూడండి. అన్నిటికన్నా తక్కువ కొలమానం ఏమిటంటే, పక్షి రెండు రెక్కలూ పూర్తిగా చాపి చువ్వలకు తగలకుండా తిరగగలగాలి. రామచిలుక పొడవులో సగానికి పైగా తోకే ఉంటుంది కాబట్టి బజారులో దొరికే చిన్న గుండ్రటి పంజరంలో దాని తోక ఎప్పుడూ చువ్వలకు రాసుకుని చివరలు చీలికలు పేలికలవుతాయి. కొనలు అరిగిన తోక ఇరుకు పంజరానికి మంచి సాక్ష్యం. జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ కదలడానికి వీలులేని పంజరంలో జంతువును ఉంచడాన్ని క్రూరత్వంగానే పేర్కొంటుంది. అయితే ఆ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే. దశాబ్దాలుగా మారని ఈ అంకెను చూస్తే, ఒక్క ఆ చట్టాన్ని నమ్ముకుని ఫిర్యాదు చేయవద్దని ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

విశాఖలో ఎండాకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో మన ఉక్కపోతకు మనుషులే తాళలేరు. రోడ్డు వైపు ఎండ తగిలేచోట వేలాడదీసిన పంజరంలో చిలుక నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలను ఒంటికి దూరంగా పట్టుకుని ఉంటే అది వడదెబ్బకు ముందు దశ. పక్షులకు చెమట పట్టదు. అటువంటి దృశ్యం ఫొటోలో కాక మీ కంటికే కనిపిస్తే ఉత్తరం రాస్తూ కూర్చోకుండా, పంజరాన్ని నీడలోకి మార్చి నీళ్లు పెట్టమని అక్కడివారిని మర్యాదగా అడగండి. చాలాచోట్ల ఆ పని జరుగుతుంది.

పిల్లల ప్రకటన అయితే

రామచిలుకలు శీతాకాలం చివరి నుంచి వేసవి మొదటి వరకు చెట్ల తొర్రల్లోనూ, పాత కట్టడాల గోడల బొక్కల్లోనూ గుడ్లు పెడతాయి. పిల్లలు గూడు వదిలి ఎగరడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది. ఆ తరవాత కూడా కొన్నాళ్లు తల్లిదండ్రులే మేత పెడతాయి. అందుకే ఆ నెలల్లో "చిలుక పిల్లలు" అన్న ప్రకటనలు ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ఇలాంటి ఫొటోలలో ప్లాస్టిక్ కూరగాయల బుట్టలో నాలుగైదు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒంటి మీద ఈకలు ఇంకా విచ్చుకోక ముళ్లలా నిలబడి ఉంటాయి, మెడ కింద మేత నిల్వ ఉండే సంచి ఒకవైపు ఉబ్బి ఉంటుంది, ముక్కుకు ఎండిన పిండి అంటి ఉంటుంది. ఆ పిండిని చూడండి. కష్టమంతా అక్కడే ఉంది.

"సెరెలాక్ కలిపి పెట్టేయండి సార్, మాటలు వచ్చేస్తాయి" అని అమ్మేవారు తేలిగ్గా చెబుతారు. చిలుక పిల్లకు చేతితో మేత పెట్టడం అంత తేలికైన పని కాదు. మేత సుమారు 40 డిగ్రీల వేడి ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువైతే లోపలి సంచి కాలి చిల్లు పడుతుంది. చల్లారితే మేత అరగక సంచిలోనే పులిసిపోతుంది. సిరంజితో తొందరగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల అక్కడికక్కడే చనిపోవచ్చు. ఈకలు రాని పిల్లకు రాత్రంతా వెచ్చదనం కూడా కావాలి. పాలతో చేసిన మేత పక్షులకు సరిగా అరగదు. ఈ సంగతులేవీ కొనేవారికి చెప్పరు. పిల్ల చనిపోతే మరొకటి కొంటారని తెలుసు కాబట్టి చెప్పవలసిన అవసరమూ వారికి కనిపించదు.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు విశాఖలో ఎన్ని చెట్లు కూలిపోయాయో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. తొర్ర ఏర్పడేంత వయసున్న చెట్టు మళ్లీ పెరగడానికి దశాబ్దాలు కావాలి. మిగిలిన కొద్దిపాటి తొర్రలను పిల్లల కోసం పగలగొడితే ఆ ఏటి పిల్లలే కాదు, మరుసటి ఏడు గూడు కట్టుకునే చోటు కూడా పోతుంది. పిల్లల ప్రకటనను పెద్ద పక్షి ప్రకటన కన్నా తీవ్రంగా తీసుకోవాలని నేను అనేది ఇందుకే.

ప్రకటనను ఉన్నది ఉన్నట్టు భద్రపరచండి

ఇలాంటి ప్రకటనలు కొన్ని గంటల్లోనే మాయమవుతాయి. కాబట్టి ఎవరికైనా చెప్పేముందే దానిని దాచుకోవాలి. ప్రకటన పూర్తి పాఠం, అన్ని ఫొటోలు, అమ్మేవారి ప్రొఫైల్ పేరు, అక్కడ కనిపించే ఫోన్ నంబరు, ప్రాంతం, ధర, పెట్టిన తేదీ అన్నీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వాటిని కత్తిరించవద్దు, వాటి మీద బాణాలు, గుండ్రాలు గీయవద్దు. పేజీ లింకును విడిగా కాపీ చేసి పెట్టుకోండి. వీడియో ఉంటే స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ఒకే ప్రొఫైల్ నుంచి అంతకుముందు కూడా పక్షుల ప్రకటనలు వచ్చాయేమో వెతికి వాటినీ కలపండి. ఒక ఇంట్లో ఉన్న చిలుకను అమ్ముకుంటున్నవారికీ, దీనినే వ్యాపారంగా చేస్తున్నవారికీ తేడా అక్కడే బయటపడుతుంది.

ఈ స్క్రీన్‌షాట్లను వాట్సాప్ ద్వారా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. అసలు ఫైళ్లు మీ ఫోన్‌లోనే ఉండనివ్వండి. కేసు కోర్టు దాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం అవసరమవుతుంది. అప్పుడు తీసిన ఫోను, అసలు ఫైలు ముఖ్యమవుతాయి.

కాలనీ గ్రూపులో ఆ ప్రకటనను పెట్టి "వీడిని పట్టుకోండి" అని రాయవద్దు. ఆ సందేశం అమ్మేవారికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. సాయంత్రానికల్లా పక్షులు మరోచోటికి మారిపోతాయి. పేరు, నంబరుతో బహిరంగంగా నిందించడం వల్ల మీ మీదే పరువు నష్టం ఫిర్యాదు వచ్చే అవకాశమూ ఉంది.

అమ్మేవారితో మాట్లాడటం

మాట్లాడకపోవడమే ఉత్తమం. ఏ జాతో, ఎక్కడ ఉందో ప్రకటన నుంచి తెలియకపోతే మాత్రం "ఇది ఏ రకమండీ? వయసు ఎంత? కాగితాలు ఉన్నాయా?" అన్న మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగి ఆపేయండి. బేరం ఆడవద్దు, అడ్వాన్సు పంపవద్దు, చూడటానికి వస్తానని చెప్పి ఒంటరిగా వెళ్లవద్దు. కొనేవారిలా నటించి దొంగను పట్టించే పని అధికారులది. మీరు డబ్బు చెల్లించిన క్షణంలో మీరూ నేరంలో భాగస్తులవుతారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ చట్టం ముందు దానిని రుజువు చేసుకోవలసిన భారం మీ మీద పడుతుంది.

చిలుక ప్రకటనల్లో కొన్ని అసలు పక్షే లేని మోసాలు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటి ఖరీదైన పక్షిని నమ్మశక్యం కాని తక్కువ ధరకు పెడతారు. ముందు అడ్వాన్సు, తరవాత రవాణా ఖర్చు, ఆ తరవాత బీమా అని ఒక్కొక్కటిగా యూపీఐ ద్వారా రాబడతారు. ఆ వలలో పడి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ మోసంగా నమోదు చేయించండి.

ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి

దేశవాళీ చిలుక విషయంలో మొదటి గుమ్మం అటవీ శాఖ. విశాఖపట్నం జిల్లా అటవీ అధికారి, అంటే డీఎఫ్‌ఓ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన తరవాత అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరయ్యాయి. నర్సీపట్నం, పాడేరు, చింతపల్లి పేర్లతో వేరే అటవీ డివిజన్లు కూడా ఉన్నాయి. ప్రకటనలో ప్రాంతం ఏజెన్సీ వైపు ఉంటే ఆ సంగతి ఉత్తరంలోనే రాసి, సంబంధిత డివిజన్‌కు పంపమని కోరండి. లేకపోతే "అది మా పరిధి కాదు" అన్న మాటతో కాగితం ఆగిపోతుంది.

ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

"గౌరవనీయులైన జిల్లా అటవీ అధికారి గారికి, ఫలానా తేదీన ఫలానా సమయంలో ఫలానా వేదికలో నేను చూసిన ప్రకటనలో మెడకు నలుపు, గులాబి పట్టీ ఉన్న ఒక పెద్ద రామచిలుకను, ఈకలు పూర్తిగా రాని నాలుగు పిల్లలను అమ్మకానికి పెట్టారు. పెద్ద పక్షి రెక్క ఈకలు కత్తిరించినట్టు ఫొటోలో కనిపిస్తోంది. పిల్లలు చేతితో మేత పెట్టే వయసులో ఉన్నందున ఆలస్యమైతే బతకకపోవచ్చు. ప్రకటన లింకు, స్క్రీన్‌షాట్లు జతపరిచాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం తగిన చర్య తీసుకుని, నా వివరాలను గోప్యంగా ఉంచవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో చూసినదే ఉంది, ఊహించినది లేదు. "ఈయన పెద్ద స్మగ్లర్" వంటి మాటలు రాస్తే ఫిర్యాదు బరువు పెరగదు, తగ్గుతుంది. పక్షి ప్రాణానికి గడువు ఉందన్న సంగతి మాత్రం తప్పక రాయాలి, ఎందుకంటే కార్యాలయంలో ఏ కాగితం ముందు కదలాలన్నది ఆ ఒక్క వాక్యాన్ని బట్టి మారవచ్చు. ఉత్తరం చేతికి ఇస్తే నకలు మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. ఫోన్ చేసి చెప్పినా అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి.

పక్షులను వేరే రాష్ట్రాల నుంచి తెచ్చి అమ్ముతున్నారని గానీ, ఒకే వ్యక్తి చాలా జాతులను అమ్ముతున్నారని గానీ అనిపిస్తే అదే ఫిర్యాదును కేంద్ర ప్రభుత్వపు వన్యప్రాణి నేర నియంత్రణ సంస్థకు కూడా పంపండి. దాని ప్రాంతీయ కార్యాలయాల్లో ఒకటి చెన్నైలో ఉంది. ప్రకటన పెట్టిన వేదికలో కూడా రిపోర్టు చేయవచ్చు. ఉదాహరణకు ఫేస్‌బుక్ క్రయవిక్రయాల నిబంధనలు జంతువుల అమ్మకాన్ని అనుమతించవు. కానీ ఆ పని అధికారులకు ఫిర్యాదు అందిన తరవాతే చేయండి. ముందే చేస్తే ప్రకటన తొలగిపోయి, అధికారులకు వెతికే దారి మూసుకుపోతుంది.

క్రూరత్వం కళ్లెదుటే జరుగుతుంటే, అంటే పక్షి కింద పడి కొట్టుకుంటుంటేనో, సంచిలో కుక్కి తీసుకుపోతుంటేనో 112కు ఫోన్ చేయండి. నగరంలో 1996 నుంచి పనిచేస్తున్న విశాఖ జంతు సంరక్షణ సంఘం, అంటే వీఎస్‌పీసీఏ వంటి సంస్థలు పక్షిని కాపాడే సమయంలో సాయం చేయగలవు. అయితే దేశవాళీ పక్షిని స్వాధీనం చేసుకునే అధికారం అటవీ శాఖదీ, పోలీసులదీ కాబట్టి సంస్థకు మాత్రమే చెప్పి ఊరుకోవద్దు.

వారం, పది రోజులైనా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పాత ఫిర్యాదు నకలు జతచేసి అర్జీ ఇవ్వండి. అక్కడ ఇచ్చే నంబరుతో మీ అర్జీ ఏ అధికారి దగ్గర ఉందో తెలుసుకోవచ్చు.

విదేశీ పక్షి అయితే అడగవలసినవి వేరు

మనవాళ్లు లవ్ బర్డ్స్ అని పిలిచే చిన్న ఆస్ట్రేలియా చిలుకలు, కాక్‌టెయిల్, సన్ కన్యూర్, మకావ్, ఆఫ్రికన్ గ్రే అన్నీ ఒక గాటన కట్టదగినవి కావు. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటీస్ జాబితాల్లో చిలుక జాతులన్నీ దాదాపుగా ఉన్నాయి. లవ్ బర్డ్స్ అనే ఆ చిన్న పక్షి, కాక్‌టెయిల్ వంటి నాలుగే నాలుగు జాతులకు మినహాయింపు ఉంది. రామచిలుక కూడా ఆ నాలుగింటిలో ఒకటే. కొందరు వ్యాపారులు ఆ సంగతి చూపించి "సైటీస్‌లో లేదు కాబట్టి అమ్మవచ్చు" అంటారు. దేశంలోపల దానికి మన చట్టమే వర్తిస్తుంది కాబట్టి ఆ వాదన చెల్లదు.

ఆఫ్రికన్ గ్రే 2017 జనవరి నుంచి సైటీస్‌లో అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో ఉంది. జాబితాలో ఉన్న విదేశీ పక్షులను ఇంట్లో ఉంచుకునేవారు 2024 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేశ్ పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవాలి. పక్షి చేతులు మారినప్పుడు కూడా తెలియజేయాలి. కాబట్టి అమ్మేవారిని ఆ నమోదు పత్రం చూపమనండి. దుకాణమైతే పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు, 2018 ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని కనిపించేచోట పెట్టాలి. పక్షి కాలికి అతుకులేని రింగు ఉంటే అది పిల్లగా ఉన్నప్పుడే పంజరంలో వేసినదన్న సూచన. అతుకు ఉన్న రింగును ఏ వయసులోనైనా వేయవచ్చు కాబట్టి దానికి ఏ విలువా లేదు.

అన్ని కాగితాలూ ఉన్నా పైన చెప్పిన ఆరోగ్య లక్షణాలు అక్కడా వర్తిస్తాయి. జబ్బు చిలుకల రెట్ట దుమ్ము ద్వారా మనుషులకు సోకే ఊపిరితిత్తుల వ్యాధి ఒకటి ఉంది. జ్వరం, పొడి దగ్గు, తలనొప్పితో మామూలు ఫ్లూలాగే మొదలవుతుంది. అలాంటి దుకాణానికి వెళ్లివచ్చిన తరవాత జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరు గారికి చెప్పండి. చెప్పకపోతే వారికి చిలుకల ఆలోచన రాదు.

పక్షి ఇప్పటికే మీ చేతికి వచ్చి ఉంటే

ఎవరో కొని మీ దగ్గర వదిలి వెళ్లి ఉండవచ్చు, లేదా ఈ సంగతులు తెలియక మీ ఇంట్లోవారే కొని ఉండవచ్చు. అప్పుడు చాలామందికి వచ్చే మొదటి ఆలోచన కంబాలకొండ వైపు తీసుకెళ్లి వదిలేయడం. 70 చదరపు కిలోమీటర్లు దాటిన ఆ అభయారణ్యం నగరం పక్కనే ఉంది కాబట్టి ఆ ఆలోచన సులువుగానే వస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. చేతి మేతతో పెరిగిన పిల్లకు మేత వెతుక్కోవడం తెలియదు, రెక్కలు కత్తిరించినదానికి కుక్క వచ్చినా ఎగరడం చేతకాదు, జబ్బు పక్షి అయితే అక్కడి గుంపుకు దానిని అంటిస్తుంది. పైగా మీరు వదిలిన చోటు అది పుట్టిన చోటే అయి ఉండాలన్న నియమమేమీ లేదు.

అదే రోజు డీఎఫ్‌ఓ కార్యాలయానికి ఫోన్ చేసి, పక్షి ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు చెప్పి, అప్పగించడానికి సిద్ధంగా ఉన్నానని ఈమెయిల్ పంపండి. దానిని పశువైద్యుడికి చూపించి, ఎగరగలదో లేదో తేల్చి, ఆ తరవాత వదలాలా, ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల వంటి చోట ఉంచాలా అన్నది వారు నిర్ణయిస్తారు.

వారు వచ్చేలోపు గాలి ఆడే చిల్లులున్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, పక్షిని చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచండి. పిల్లలకు చూపించడం, ఫొటోలు తీయడం ఆపండి. నోట్లో నీళ్లు పోయవద్దు, పాలు, రొట్టె పెట్టవద్దు. పెద్ద పక్షి అయితే జామకాయ ముక్క, నానబెట్టిన శనగలు, పచ్చిమిరపకాయ, చిన్న గిన్నెలో నీళ్లు చాలు. పొద్దుతిరుగుడు గింజలు ఒకటే పెట్టవద్దు. అవకాడో, చాక్లెట్, ఉల్లిపాయ దాని దగ్గరికే రానివ్వవద్దు. వంటింట్లో నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా మంట మీద వదిలితే వచ్చే పొగ పక్షిని నిమిషాల్లో చంపగలదు, అందుకని పెట్టెను వంటగదికి దూరంగా పెట్టండి. ఈకలు రాని పిల్ల అయితే మేత జోలికి పోకుండా, వేడి నీళ్లు నింపి గుడ్డ చుట్టిన సీసాను పెట్టెలో ఒక పక్కన ఆనించి, వీలైనంత త్వరగా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి, పక్షులను చూసే డాక్టరు ఏ ఆసుపత్రిలో ఉన్నారో అడగండి. బయలుదేరేముందు ఆ సంగతి అటవీ శాఖవారికి ఒక సందేశంగా పెట్టండి. పక్షిని ఎక్కడికి తరలించారన్న ప్రశ్న తరవాత వస్తే మీ దగ్గర జవాబు రాతపూర్వకంగా ఉంటుంది.